సోలార్ కంచె లోపలి సమాధి

మా పావగడ వైపు మనిషి పోతే సొంత చేనులోనే పూడ్చుకోవడం చాలా ఇళ్ళలో అలవాటు. చేను సోలార్ కంపెనీకి కౌలుకు పోయినా సమాధి ఎక్కడికీ పోదు. తిరుమణి దగ్గర సోలార్ పలకల వరుసల మధ్య నడుస్తుంటే ఉన్నట్టుండి నాలుగు బారల ఖాళీ నేల కనిపిస్తుంది. ఎందుకు వదిలారో ఊళ్ళోవాళ్ళెవరూ అడగరు. నేనూ అడగనక్కర లేకుండా తెలుసుకోవాల్సింది. ముప్పై ఏళ్ళు ఈ తాలూకా వార్తలు రాసినవాణ్ణి.

ఆ రోజు నా వెంట ఆరుగురు విదేశీయులున్నారు. సోలార్ పార్కు చూడటానికి వచ్చారు. ఇంగ్లీషు, కన్నడ, తెలుగు మూడూ వచ్చిన మనిషి కావాలని తెలిసినాయన అడిగితే సరేనన్నాను. పదకొండు గంటలకే పలకల మీద నుంచి వేడి మొహానికి కొడుతోంది. ఎక్కడా కూర్చునే చోటు లేదు. అప్పుడు ఒక ఖాళీ జాగాలో మోకాలెత్తు సిమెంటు దిమ్మె కనిపించింది. సున్నం వెలిసిపోయింది, ఒక మూల పెచ్చులూడింది. ఎండిపోయిన బోరుకి ఎప్పుడో కట్టిన మోటారు దిమ్మె అనుకున్నాను. అలాంటివి ఈ చేలల్లో చాలా ఉన్నాయి.

"కూర్చోండి" అని నేనే చెప్పాను.

నలుగురు కూర్చున్నారు. ఒకామె నీళ్ళ సీసాలు పక్కన పేర్చుకుంది. వాళ్ళలో బాగా పొడుగాయన బూట్లతోనే పైకెక్కి, చేతులు చాచి నిలబడి, ఫోటో తీయమని ఫోను నాకిచ్చాడు. తీశాను. ఇంకాస్త నవ్వమని కూడా చెప్పాను.

గేటు వైపు నుంచి ఒక ముసలామె నెత్తిన గంపతో రావడం అప్పుడే చూశాను. వెనకాల నీళ్ళ బిందె మోస్తూ సెక్యూరిటీ అతను. ఆమె చెల్లెలి కొడుకే. ఆ రోజు పెద్దల అమావాస్య అన్న సంగతి పొద్దున ఇంట్లో నాకు గుర్తుంది. ఆ దిమ్మె దగ్గరికి వచ్చేసరికి లేదు.

ఆమె గంప దించలేదు. పైన నిలబడ్డ మనిషిని కాసేపు చూసింది.

"ఎవురప్పా ఇతను? మా ఆయప్ప మీద ఎక్కి నిలబడినాడు."

నేను ఫోను దించాను. సెక్యూరిటీ అతనే సర్దిచెప్పబోయాడు. "ఫారిన్ వాళ్ళు పెద్దమ్మా. వాళ్ళకేం తెలుస్తాది?"

"వాళ్ళకి తెల్దు, సరే. ఈ సారుకీ తెల్దా?" అంటూ నా వైపు తిరిగింది. "దిగమని చెప్పు సారూ. ఆయప్పకి ఉబ్బసం. ఎదమీద దుప్పటి కప్పినా తీసేస్తా ఉండె. అంత మనిషి బరువు యాడ ఆగుతాది?"

భర్త పోయి తొమ్మిదేళ్ళయిందట. గేటు లోపలికి ఆమెకు ఏడాదికి ఈ ఒక్క రోజే అనుమతి, అదీ గంటసేపు.

ఆమె అన్నదంతా, ఉబ్బసం సంగతితో సహా, వాళ్ళకు చెప్పాను. కూర్చున్నవాళ్ళు లేచిపోయారు. పొడుగాయన మెల్లగా, అడుగుకింద ఎవరో ఉన్నట్టే దిగాడు. మొహం కందిపోయింది. టోపీ తీసి, దానితో దిమ్మె మీది తన బూటు మరకలు తుడవడం మొదలుపెట్టాడు.

పత్రిక తరఫున ఒకే ఒక్కసారి నేను దేశం దాటాను. అక్కడ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన పొడవాటి రాయి ఒకటి చూపించారు. దానికి వీపు ఆనించి, సంచి దాని మీదే పెట్టుకొని, మిత్రులతో జోకులేసుకుంటూ ఫోటోలు దిగాను. ఒక వృద్ధుడు వచ్చి నా సంచి తీసి కింద పెట్టాడు. ఆ దేశంలో మర్యాద తక్కువని తిరిగొచ్చాక రాశాను. అది అచ్చయింది కూడా. ఆయనకు ఆ రాతిలో ఎవరున్నారో అడగాలని అప్పుడు తోచలేదు.

ముసలామె బిందెడు నీళ్ళతో సమాధి కడిగింది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, విస్తరాకు పరిచింది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఇలా పెట్టడాన్ని మా వైపు ఎడ పెట్టడం అంటారు. బొబ్బట్లలాంటి ఓళిగలు, ఉడికించిన చెనక్కాయలు, సంగటి ముద్ద, కోడికూర. చివర్లో కొంగు ముడి విప్పి ఒక బీడీ తీసి పెట్టింది.

"ఊపిరాడక పోయినాయనకి బీడీ ఏంది పెద్దమ్మా?" అన్నాడు సెక్యూరిటీ అతను.

"బతికినన్నాళ్ళూ నోట్లోది గుంజి పారేస్తా ఉంటి. ఇంగ ఏమైతాదిలే, తాగనీ."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, అగ్గిపుల్ల గీసి బీడీ వెలిగించింది.

విదేశీయులు దూరంగా నిలబడ్డారు. వెళ్ళిపోదామా అని సైగ చేస్తున్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఎడ పెట్టినచోటికి వచ్చినవాళ్ళు నోరు తీపి చేసుకోకుండా పోతే పెద్దలు నొచ్చుకుంటారంది. ఆరుగురూ బూట్లు విప్పి మట్టిలో కూర్చున్నారు. తలా ఒక ఓళిగ చేతిలో పెట్టింది. పొడుగాయన వంతు వచ్చినప్పుడు ఒకటి ఎక్కువ పెట్టి, "ఇంత ఒళ్ళుకి ఒకటి యాడ సాలుతాది" అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే అందరూ నవ్వారు, ఆయన మాత్రం తలొంచుకుని తిన్నాడు.

తర్వాత ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ ఫోటో తీసేసేముందు ఆమెకు చూపించాలట. ఆమె కళ్ళు చిట్లించి చూసింది.

"బాగనే పడినాడు" అంది. "అయినా తీసెయ్యమను సారూ."

ఆమె చూస్తుండగానే తీసేశాడు. గంట కావస్తోందని సెక్యూరిటీ అతను గుర్తు చేశాడు. ఆమె గంప సర్దుకుంటూ ఆగింది.

"సారూ, నీ సెల్లుతో ఇంగోటి తియ్యి. ఎవురూ ఎక్కకుండా. వచ్చే ఏడు ఈ మోకాళ్ళు ఈడికి రానిస్తాయో లేదో."

సమాధి పక్కన నేల మీద కూర్చుంది. కొంగు సవరించుకుని, పిల్లవాడిని జోకొట్టబోతున్నట్టు సిమెంటు మీద అరచెయ్యి ఆనించింది. నేను ఫోను ఎత్తాను.

"ఈడ నగొచ్చునా సారూ?"

నాకు తెలియదన్నాను. ఆమె సమాధి వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, నిండుగా నవ్వింది.