వాగు మధ్యలో ఆగిన మిషను

1954లో నేను ఆత్మకూరు దాటి ఉదయగిరి బాటలో, ఒక వాగు అవతలి గట్టున ఉన్న రేకుల షెడ్డులో పర్చేజ్ ఆఫీసరుని. షెడ్డు అంటే మా యజమాని రాఘవయ్యగారు నొచ్చుకునేవారు. ఆయన లెక్కలో అది ఫ్యాక్టరీ. రోడ్లకు కంకర కొట్టే క్రషర్లు అక్కడ తయారుచేసేవాళ్లం. తయారీ అంటే ఇంగ్లండు నుంచి ఒకటి, కలకత్తా నుంచి ఒకటి, మద్రాసు నుంచి ఒకటి తెప్పించి, వాటిని ఒకదానికొకటి పరిచయం చేయడం. ఆ తెప్పించడం నా పని. కాలేజీలో నేను చదివింది చరిత్ర కాబట్టి ఈ ఉద్యోగానికి నా అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు.

ఆ ఏడు మాకున్నది ఒకే ఆర్డరు. వానలు ముదిరేలోగా క్రషరు అందకపోతే షెడ్డుకు తాళం వేస్తానని రాఘవయ్యగారు పనివాళ్లందరి ముందూ చెప్పేశారు. అందులో నేనూ ఉన్నాను. మిగిలిన భాగాలన్నీ వచ్చాయి. రావలసింది ఫ్రేమ్ కాస్టింగ్, అంటే కరిగిన ఇనుమును అచ్చులో పోసి తీసిన మిషను మొండెం. ఇంపోర్ట్ లైసెన్సు కోసం నేను ఎక్కిన మెట్లు ఉదయగిరి కోటకు కూడా ఉండవు. చివరికి అది ఇంగ్లండులో ఓడెక్కి, ఇక్కడ రైలెక్కి, లారీ ఎక్కి మా వాగు దాకా వచ్చింది. అక్కడ లారీ డ్రైవరు ఇసుకను చూసి, నన్ను చూసి, సరుకు దించేశాడు.

నాలుగు చక్రాల పొట్టి బండి మీదికి దాన్ని ఎక్కించి మా ఎద్దులతో లాగించాం. వాగు నడిమికి వచ్చేసరికి చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి, మా ఎద్దులు కూలబడ్డాయి. తల ఎత్తితే ఉదయగిరి కొండ మీద మబ్బు. అక్కడ కురిస్తే ఇక్కడ వాగు పారుతుంది. పారితే మా మిషను ఇసుకపాలు.

ఊళ్లో మంచి ఎద్దులు రెండిళ్లలోనే ఉన్నాయి. పెద్దింటి పెంచలరెడ్డి, చిన్నింటి మాలకొండారెడ్డి. అన్నదమ్ముల బిడ్డలు, మాటలు లేవు. అడగ్గానే ఇద్దరూ ఎద్దులు తోలుకొచ్చారు, అది వాళ్ల మంచితనం. చిక్కు ఆ తరవాత వచ్చింది. ఇసుకలో గట్టి దారి ఒక కాడి వెడల్పే ఉంది. జతలను ఒకదాని వెనక ఒకటి కట్టాలి.

"ముందు కాడి మాది," అన్నాడు పెంచలరెడ్డి.

"నాయన కాలం నించీ మా ఎద్దులు ఒకరి తోక చూసి నడిచినయ్యి కావు," అన్నాడు మాలకొండారెడ్డి, నా వైపు తిరిగి. ఆయనతో మాటలు లేవు గదా.

నేను చదువుకున్నవాణ్ణి కనుక తర్కం వాడాను. "బండిని ఆనుకున్న జతకే బరువెక్కువ. గొప్ప దానిదే."

"అట్టయితే ఆ గొప్ప ఆయన్నే తీసుకోమను," అన్నారు ఇద్దరూ.

ఉరుము వినబడింది. పక్కన మడుగులో చెంచమ్మ తన దున్నపోతుల జతను కడుగుతూ పకపకా నవ్వింది. చెరువు కింద గుడిసెల్లో ఉంటుంది, కూలికి దుక్కి దున్నుతుంది.

"ఏందమ్మా నవ్వుతుండావు?" అన్నాడు పెంచలరెడ్డి.

"ఇనుము మునిగిపోతా ఉండాది, మీరు తోకలు లెక్కబెడతా ఉండారు. నవ్వకేం జేసేది?"

నాకు తోచింది. "నీ దున్నల్ని ముందు కాడికి కడతావా?"

"కడతా. వాటిని ఎవురూ తిట్టగూడదు. తిట్టాలంటే నేనే తిడతా."

రెడ్లిద్దరూ ఒక్కసారే లేచారు. "దున్నల వెనక మా ఎద్దులా? పొగరు పెరిగిందబ్బయా నీకు!"

"వద్దంటే చెప్పండి. ముందు ఆయన జతను కట్టిస్తాను," అన్నాను, ఇద్దరికీ సరిపోయేలా మధ్యలోకి చూస్తూ.

మొదట తేరుకున్నది పెంచలరెడ్డి. "దున్నలే నయం. నా జతను బండికి కట్టు. బరువు లాగేదే గొప్పని నువ్వే అంటివి గదా."

"కట్టండి. ఎట్టైనా ఆయనకన్నా నేనే ముందుండా," అన్నాడు మాలకొండారెడ్డి.

చెంచమ్మ దున్నల పగ్గం పట్టుకుని ముందు నడిచింది. ఆమె తిట్లు దున్నలకే అయినా వెనక జతలూ జాగ్రత్తపడ్డాయి. మేమంతా చక్రాల కింద తాటిమట్టలు తోస్తూ, మోకాళ్ల లోతు ఇసుకలో భుజాలు పెట్టాం. రెండుసార్లు ఆగింది. రెండోసారి రెడ్లిద్దరూ పంచెలెగ్గట్టి చెరొక చక్రం పట్టారు, ఒకరినొకరు చూసుకోకుండా. బండి గట్టెక్కింది. పొద్దుగూకకముందే వాగు ఎర్రగా పారింది.

క్రషరు గడువులోగా వెళ్లింది. షెడ్డు తెరిచే ఉంది. ఇంగ్లండు కంపెనీవాళ్లు, రవాణాలో ఇబ్బందులేమైనా ఎదురయ్యాయా అని మర్యాదగా అడిగారు. "చివర్లో కొద్దిగా" అని రాశాను.

ఆ తరవాత చాలా ఏళ్లు, చాలా దేశాల సరుకు తెప్పించాను. ఒకే పనికి ఇద్దరు సప్లయర్లు కలిసి రావలసినప్పుడల్లా, ఎవరి బలం ఎంతో నేను ముందుగా అడగను. ఎవరి వెనక ఎవరు నడవరో అడుగుతాను.