కుర్చీ వెనక రేపల్లె కుటుంబం

ఆదివారం మధ్యాహ్నం తెనాలిలో ఫ్యామిలీ రెస్టారెంటుకి వెళ్తే చోటు దొరకదని తెలిసీ వెళ్ళాం, నేనూ మా ఆవిడా మా ఆరేళ్ళ అమ్మాయీ. అరగంట నిలబడ్డాక టేబుల్ దొరికింది. మొదటి ముద్ద కలిపానో లేదో, రేపల్లె బండి దిగి నేరుగా వచ్చామంటూ ఓ కుటుంబం కుర్చీకొకరు చొప్పున మా వెనక నిలబడింది.

నాకు తిక్క రేగింది. కావాలనే మెల్లగా తిన్నాను. పెరుగు రెండోసారి తెప్పించాను. నా వెనకున్న పెద్దావిడ ఆ గిన్నె అందుకుని, "గరిటెడు గరిటెడు ఏంటి బాబూ, కానివ్వండి" అంటూ మొత్తం నా కంచంలో కుమ్మరించింది. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగింది.

"వేపుడు వదిలేస్తే ఎలాగమ్మా?"

ఇంట్లో ఎవరి మాటా వినని పిల్ల ముక్క మిగల్చకుండా తినేసింది.

ఓడిపోయి లేచాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి మా పిల్ల ఆవిడ ఒళ్ళో కూర్చుని, ఆవిడ తెప్పించిన ఐస్‌క్రీమ్ తింటోంది. ఎంత పిలిచినా రాదు. ఏం చేస్తాను, వెళ్ళి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను.

ఆవిడ వెనక్కి తిరిగి విసుక్కుంది. "ఏంటి బాబూ, అలా మీదకొచ్చి నిలబడితే పిల్లకి తినబుద్ధవుతుందా చెప్పండి?"

దీనికేం జవాబు చెప్పాలో మీకెవరికైనా తడితే కామెంట్లో రాయండి.