హెడ్డుగారి గ్రాఫు, యాదయ్య గ్రాఫు

1998లో నన్ను ఫోరెన్సిక్ లాబొరేటరీలో పాలీగ్రాఫ్ విభాగంలో వేశారు. జనం దాన్ని అబద్ధాల మిషన్ అనేవారు. నిజానికి దానికి అబద్ధం తెలియదు. ఊపిరి, నాడి, వేళ్ల చెమట, వీటిని సూదులతో కాగితం మీద గీస్తుంది, అంతే. అబద్ధమన్నది ఆ గీతలు చూసి మేం అనే మాట. "కూర బాగుంది" అని నేనంటే మా ఆవిడ ఏ తీగలూ తగిలించకుండానే పట్టేసేది. నాకేమో గవర్నమెంటు మిషన్ కావలసొచ్చింది.

ఆ ఏడాది హైటెక్ సిటీ వైపు ఒక స్టేషన్‌లో, ఏదో కేసులో పట్టుకొచ్చిన కంప్యూటర్ మానిటర్ సామాన్ల గదిలోంచే మాయమైంది. తాళంచెవి హెడ్ కానిస్టేబుల్‌ది. ఊడ్చడానికి లోపలికెళ్లేది హఫీజ్‌పేట నుంచి వచ్చే యాదయ్య. ఇన్‌స్పెక్టరుగారు పరీక్షకు యాదయ్యనొక్కణ్ణే తెచ్చారు. గ్రాఫు తేడా వస్తే ఆ రోజే అరెస్టు. మరి హెడ్డుగారో అని నేనడిగితే, "ఆయన డిపార్ట్‌మెంటు మనిషండీ" అన్నారు.

"సారూ, గిది షాక్ గిట్ల కొడ్తదా?" అన్నాడు యాదయ్య.

కొట్టదన్నాను.

"అయితే ఠాణా కన్నా నయమే."

పేరు, ఊరు లాంటి మామూలు ప్రశ్నల మధ్య అసలు ప్రశ్న వేసి, మొత్తం మూడుసార్లు అడగడం మా పద్ధతి. మానిటర్ ఎక్కడుందో తెలుసా అంటే మూడుసార్లూ "తెల్వది సారూ" అన్నాడు. సూది కునుకు తీస్తున్నట్టే సాగింది.

"మిషన్ పాడైందండీ" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

మిషన్ మీద అనుమానం వస్తే, అదే సంగతి తెలిసిన ఇంకొకరిని కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగి చూస్తాం. బందోబస్తుగా వచ్చిన హెడ్డుగారిని ఇన్‌స్పెక్టరుగారే పిలిచారు. "కూర్చోవయ్యా, దీని సంగతి తేలుద్దాం." హెడ్డుగారు నవ్వుతూనే కూర్చున్నారు. అసలు ప్రశ్నకు "తెలియదు" అనగానే సూది కాగితం అంచుదాకా ఎగిరింది.

నాకు చెమట పట్టింది. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం పొంగిపోయారు. "చెప్పానా! మా హెడ్డునే దొంగంటోంది. పాడైందని రాసివ్వండి."

కలం తీశాను. "ఎప్పటినుంచి పాడైందని రాయమంటారు సార్? పోయిన నెల మీరు తెచ్చిన వాచ్‌మన్‌ని పట్టించిందీ ఇదే."

ఆ కేసులో ఆయనకు రివార్డు వచ్చింది. "అప్పుడు బాగానే ఉందండీ" అని మెల్లగా లేచారు. యాదయ్యను ఇంటికి పంపేశారు. మర్నాడు మానిటర్ హెడ్డుగారింట్లో దొరికింది. గదిలో ఎలుకలున్నాయని భద్రంగా తీసుకెళ్లారట.

నేను గెలిచానని కాదు. ఆ వాచ్‌మన్ గ్రాఫు తీసి మళ్లీ చూస్తే, అతను భయపడ్డాడన్నది తప్ప అందులో ఇంకేమీ లేదు. దొంగ అని రాసింది మిషన్ కాదు, నేను. తప్పు నాదేనని పైఅధికారులకు రాసి పంపాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ప్రశ్నలు వేరొకరితో అడిగించి, గ్రాఫు మీద పేరూ హోదా ఉండకుండా నంబరే వేయించాను. చదివి, అభిప్రాయం రాసి, సంతకం పెట్టాకే అది ఎవరిదో చూసేవాణ్ణి.