నాగూర్ బాషా బస్సు బేరం

నాగూర్ బాషాకు ఉన్నది ఒక్కటే జబ్బు. కొనబోయే వస్తువును అమ్మేవాడి ఎదుటే మెచ్చుకుంటాడు. బేరానికి వెళ్లినవాడు మొహం చిట్లించాలి, పెదవి విరవాలి, వద్దులే అని నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి. బాషా మాత్రం వస్తువు కంటబడగానే కరిగిపోతాడు. అది చూసి అమ్మేవాడు అక్కడికక్కడే ధర పెంచేస్తాడు. బాషా ఆ ధర కూడా సబబేనంటాడు.

తెనాలి చుట్టుపక్కల పెళ్లి బిర్యానీ వండటంలో అతన్ని మించినవాడు లేడు. సరుకు కొనడానికి మాత్రం అతని భార్య మున్నీసా వెళ్లేది. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి, గత్యంతరం లేక అతన్నే మార్కెట్టుకు పంపింది.

"ఏంటమ్మా ఈ వంకాయలు, పాలిష్ పట్టించావా?" అన్నాడు బాషా, కూరగాయల ధనమ్మతో. ధనమ్మ మురిసిపోయి ధర పెంచింది. ఇంటికి తెచ్చి కోస్తే కాయకో పురుగు.

"పురుగులున్నాయి" అంది మున్నీసా, దుప్పట్లోంచి తల బయటపెట్టి.

"మందు కొట్టలేదన్నమాట" అన్నాడు బాషా సంతోషంగా.

మరోసారి పాత టేబుల్ ఫ్యాను ఒకటి తెచ్చాడు. అది తిరుగుతుంటే పక్కింటివాళ్లు పిండిమర పెట్టారా అని అడిగారు. గాలి మాత్రం రాదు. "గాలిదేముంది, అది ఎంత ఓపిగ్గా తిరుగుతోందో చూడు" అన్నాడు. పక్కూరు నందివెలుగు నుంచి ఒక మేకను తోలుకొచ్చి, దానంత నెమ్మదస్తురాలు లేదని వాడంతా చెప్పాడు. పాపం, అది కుంటిది.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని మున్నీసా ఏకంగా బస్సు బేరానికి బయలుదేరవలసి వచ్చింది. అది 2006 వేసవి. వేమూరనీ కారంచేడనీ పెళ్లిళ్లకు తిరిగే వంటవాళ్లు షామియానా కింద దోమల మధ్య పడుకునేవారు. మగవాళ్లు ఎలాగో సర్దుకునేవారు. ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్లకు చీర మార్చుకోవడానికైనా చాటు ఉండేది కాదు. ఆ దిగులు మున్నీసాను చాలాకాలంగా తొలుస్తోంది.

అలాంటప్పుడు రేపల్లెలో ఒక ఇల్లులాంటి బస్సు అమ్మకానికి ఉందని తెలిసింది. దాని యజమాని మత్తయి తిరునాళ్లలో రంగులరాట్నం తిప్పేవాడు. పాత ప్రైవేటు బస్సు ఒకటి కొని, సీట్లు పీకించి, మంచాలూ వంటగట్టూ అమర్చి, భార్య సుగుణమ్మతో అందులోనే కాపురం చేశాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక రేపల్లెలో చిన్న ఇల్లు కట్టుకుని దిగిపోయాడు. బేరం కుదిరితే, వచ్చే ఆదివారం బాపట్ల పెళ్లికి వంటవాళ్లందరినీ అందులోనే తీసుకెళ్లాలని మున్నీసా ఆశ.

రేపల్లె ప్యాసింజర్లో భర్తను కిటికీ పక్కన కూర్చోబెట్టి చెప్పింది.

"అక్కడ మీరు నోరు తెరవకూడదు."

"అసలా?"

"అసలు."

"సలాం చెప్పొచ్చా?"

"చెప్పి మూసెయ్యండి."

అయినా నమ్మకం చాలక, రైలు దిగగానే పెద్ద కిళ్లీ ఒకటి కట్టించి అతని నోట్లో కుక్కింది.

బస్సు మత్తయి ఇంటి పక్కన తాటాకు పందిరి కింద ఉంది. మున్నీసా దాని చుట్టూ తిరుగుతూ పని మొదలుపెట్టింది. రంగు పెచ్చులూడిందంది. టైర్లు గుండు కొట్టించుకున్నట్టున్నాయంది. లోపలికెక్కి మంచాలు ఇరుకంది, పైకప్పు ఉక్కపోతంది. మత్తయి తల వంచుకుని అన్నింటికీ "అవునమ్మా, పాతదే కదండి" అంటున్నాడు. సుగుణమ్మ తలుపు దగ్గర నిలబడి, చేత్తో పట్టుకునే ఇనుప కడ్డీని కొంగుతో తుడుస్తోంది.

"మొన్నొచ్చినాయన పాత ఇనుము కింద తూకానికి అడిగాడమ్మా" అందామె, ఎవరివంకా చూడకుండా.

బాషా బుగ్గ ఉబ్బించుకుని మంచాలనూ గట్టునూ తడుముతూ "ఊఁ... ఊఁ..." అంటున్నాడు.

"ఏమంటున్నారండి తమ్ముడు?" అన్నాడు మత్తయి.

"నచ్చలేదంటున్నారు" అంది మున్నీసా.

అంతలో వెనక మంచం దగ్గర బాషా ఆగిపోయాడు. అక్కడి కిటికీ మిగతావాటికంటే బాగా కిందికి ఉంది. మంచం మీద చెయ్యి వేసి, వంగి, అందులోంచి బయటికి చూశాడు. మున్నీసా చూస్తుండగానే గబగబా బస్సు దిగి, కిళ్లీ ఉమ్మేసి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చాడు. ఇక అయిపోయిందనుకుంది మున్నీసా.

"అన్నా, ఈ కిటికీ ఇంత కిందకి ఎవరు కోశారు?"

"నేనే తమ్ముడూ. ఈవిడ పడుకున్నా తిరునాళ్ల కనబడాలని."

"ఆహా. పడుకున్న మనిషి కళ్లకి సరిగ్గా సరిపోయింది. ఈ అలమరకి అంచు చూడు మున్నీ, బస్సు కుదిపినా గిన్నె జారదు. దోమతెర కూడా ఎంత బిగువుగా కొట్టావన్నా, చీమ కూడా దూరదు. చాలా ఇళ్లు చూశాను గానీ, ఇంత ఆలోచించి కట్టిన ఇల్లు చూళ్లేదు."

మున్నీసా దగ్గింది. అతను వినిపించుకోలేదు. పందిరి మీది కాకులు లేచిపోయేలా మళ్లీ దగ్గింది.

"మంచినీళ్లు కావాలా?" అన్నాడు బాషా, మళ్లీ అలమర వైపు తిరుగుతూ.

మత్తయి బస్సు మెట్టు మీద కూర్చుని చాలాసేపు నేలను చూశాడు. ధర ఎంత పెంచాలా అని లెక్క వేసుకుంటున్నాడనుకుని మున్నీసా పళ్లు నూరుకుంది. చివరికి ఆయన మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"తమ్ముడూ, ఇట్రా. నువ్వు కూడా రామ్మా. ఒకటి చూపించాలి."

బస్సు వెనక భాగం కింద వంగమన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఒకచోట నల్లరంగు గీకాడు. ఇనుప దూలానికి అడ్డంగా బీట ఉంది.

"చాసిస్ బీటిచ్చింది. రంగు పూసి కప్పెట్టా. జనాన్ని ఎక్కించి తోలితే దార్లోనే విరిగిపోద్ది. ఇనుమన్నోడికి ఇనుమే అంటగడదామనుకున్నా. ఇల్లన్నావు నువ్వు. నీకు చెప్పకపోతే ఇక నాకు అన్నం దిగదు."

ఆదివారం ఆ మంచాల మీద కూర్చుని కబుర్లాడుతూ బాపట్ల వెళ్లవలసిన ఆడవాళ్లంతా మున్నీసా కళ్లముందు మెదిలారు. వచ్చి మెట్టు మీద కూర్చుంది. సుగుణమ్మ నీళ్ల చెంబు తెచ్చి, పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది. నీళ్లు తాగాక మున్నీసాకు ఎందుకో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బీట బాగుచేయించాకే బస్సు తీసుకునేలా అక్కడే బేరం కుదిరింది. ఆదివారం పెళ్లికి ఎప్పటిలాగే లారీలో వెళ్లారు. ఆ తర్వాత మత్తయి ఖాళీ బస్సును నెమ్మదిగా బాపట్లకు తోలుకొచ్చి అక్కడి మెకానిక్ మోషే షెడ్డులో పెట్టాడు. మోషే దాన్ని జాకీల మీద లేపి, కింద కొత్త పట్టీ వేసి, అన్నివైపులా వెల్డింగు చేసి పెట్టాడు. బండి తీసుకెళ్లడానికి మున్నీసా, బాషా వెళ్లేసరికి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"జనంతో బయల్దేరుంటే మొదటి కాలవ వంతెన మీదే కూలబడేదండి. ఇప్పుడు మాత్రం గుండిగల్తో సహా ఎక్కండి, ఏం పర్లేదు."

ఆ మాటతో మున్నీసా గుండెల మీది బరువు దిగిపోయింది. షెడ్డు ముందు టీ తాగుతూ భర్తతో అంది.

"ఆ రోజు మీ నోరు కట్టేసి ఉంటే ఏమైపోయేవాళ్లం. ఆయన చెప్పకపోతే మనకి తెలిసేదా?"

"నాకు తెలుసుగా" అన్నాడు బాషా. "బస్సులో వెనక్కెళ్లి అడుగెయ్యగానే కాలి కింద రేకు కుంగింది."

మున్నీసా టీ గ్లాసు కింద పెట్టింది. "తెలిసి కూడా పొగిడారా?"

"కిటికీ బావుంది కదా, అది అబద్ధం కాదుగా. బీట సంగతి నేను బయటపెడితే భార్య ముందు ఆయన మోసగాడైపోతాడు. ఆయనే చెబితే మర్యాద మిగులుతుంది. కాసేపు చూద్దామనుకున్నా. చెప్పకపోతే నీ చెయ్యి పట్టుకుని రైలెక్కించేవాణ్ణి."

మున్నీసా ఇన్నేళ్లూ అతనికి లోపాలు కనిపించవనుకుంది.

బస్సును తెనాలి దాకా మత్తయే తోలాడు. వెనక మంచం మీద సుగుణమ్మను బలవంతంగా పడుకోబెట్టాడు బాషా. ఆమె చెంప కింద చెయ్యి పెట్టుకుని, తన కిటికీలోంచి వరిచేలు చూస్తోంది. ఎదురుగా బాషా, మున్నీసా కూర్చున్నారు. చాలాసేపటికి మున్నీసా గొంతు తగ్గించి అడిగింది.

"చూపులకొచ్చినప్పుడు నేను చేసిన సేమ్యా పాయసం గుర్తుందా?"

"ఎందుకు లేదు."

"అలాంటిది తెనాలి మొత్తంలో లేదన్నారు. ఇంకో కప్పు కూడా అడిగారు."

"అడిగాను."

"అది అడుగంటింది. మీకు తెలిసిందా?"

"మా అమ్మకి తెలిసింది. ఆవిడ నోరు తెరవబోతుంటే నేను ఇంకో కప్పు అడిగాను. కొడుకు లొట్టలేసుకుంటూ తింటుంటే ఆవిడ మాత్రం ఏమంటుంది?"

మున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగడానికి కొంచెం సమయం పట్టింది.

"ఇంటికెళ్లాక సేమ్యా చేస్తాను" అంది.

"చెయ్యి. మంట సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు బాషా.

వాళ్ల కాపురంలో అతను పెట్టిన మొట్టమొదటి వంక అదే.