జాబితాలో లేని గుమ్మం

మా నానీ, అంటే అమ్మమ్మ, ముబీనా నుదుట, సరిగ్గా కనుబొమ్మల నడుమ, కందిగింజంత పచ్చబొట్టు ఉంది. ఐదు పూటలా నమాజు చేసే ముసలావిడకు పచ్చబొట్టేమిటని అడగనివాళ్లు తాండూరులో లేరు. ఆటో అతను అడిగాడు, ఆస్పత్రిలో నర్సు అడిగింది. నా పెళ్లిలో మగపెళ్లివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, నేనే వెళ్లి నానీ దుపట్టా నుదుటి మీదికి లాగాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను బడిలో సోషల్ పాఠాలు చెబుతాను. నా దగ్గర చదువుకున్న వంశీ, ఇంకొందరు కలిసి కిందటేడు నడక కమిటీ ఒకటి పెట్టారు. నెలకో ఆదివారం పొద్దున్నే స్టేషన్ దగ్గర బయలుదేరి, పాత వీధుల్లో ఆగుతూ, ఎక్కడేం జరిగిందో చెప్పుకుంటూ పోవడం. రజాకార్ల రోజులు, ఆ తర్వాత పోలీస్ యాక్షన్ రోజులు కళ్లారా చూసి, ఇంకా నడవగలిగిన మనిషి కావాలన్నారు. నానీకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఎనభై నాలుగు. చేతిలో కర్ర ఉంది గానీ నోటికి ఏ కర్రా అక్కర్లేదు.

నడకకు రెండ్రోజుల ముందు వంశీ జాబితా తెచ్చాడు. చివరి మజిలీ, నానీ చిన్ననాటి నుంచి వచ్చిపోయే ఈరయ్య ఇల్లు, కొట్టేసి ఉంది.

"గా ఇల్లు వద్దు మేడం. పోలీస్ యాక్షన్ల గుంపు తన నాయనను సంపిన ముచ్చట అమ్మమ్మ ఆడనే తీస్తది. లొల్లయితది."

అతను అటు వెళ్లాడో లేదో, మా ఆసిఫ్ మామూ ఇటొచ్చాడు. నానీకి ఒక్కగానొక్క కొడుకు.

"ఈరయ్య ఇంటికాడ రజాకార్ల ముచ్చట తియ్యొద్దని అమ్మీకి జర చెప్పు బేటీ. మన ఇజ్జత్ మనమే తీసుకుంటమా?"

మామూ భయం నాకు తెలుసు. రజాకార్లలో చేరినవాడు నానీకి సొంత చిన్నాయన. ఒకరికి ఈ సగం వద్దు, మరొకరికి ఆ సగం వద్దు. నేనేం చేశానూ? ఇద్దరికీ సరేనన్నాను. పిల్లల ముందు నిజం చెప్పాలని పాఠాలు చెప్పే పంతులమ్మను!

నానీకి చెబితే, తింటున్న రొట్టె పళ్లెంలో పడేసింది.

"ఒకడు ముందు ముచ్చట వద్దంటడు, ఒకడు ఎనక ముచ్చట వద్దంటడు. నడుమ నేనేం చెప్పాలె, నా తలకాయనా? చెప్తే రెండూ చెప్త. ఎవడడ్డమొస్తడో రానియ్యి."

ఆదివారం నలభై మంది దాకా వచ్చారు. స్టేషన్, ధాన్యం గంజ్, నాపరాళ్లు కోసే మిషన్లు అన్నీ అయ్యాయి. ఈరయ్య ఇంటి సందు మొదట్లో వంశీ మైకు అందుకుని, నడక ఇక్కడితో అయిపోయింది, అందరూ టిఫిన్లకు రండి అన్నాడు. నానీ కర్ర టకటకలాడించుకుంటూ సందులోకి తిరిగింది. ఒక్కతే పోతోంది. ఇక ఉండబట్టలేక గట్టిగా అరిచాను.

"ఇంకో ఇల్లుంది! వచ్చేవాళ్లు రండి!"

దాదాపు అందరూ వచ్చారు. మామూ తల దించుకుని వచ్చాడు. వంశీ మైకు పట్టుకుని అందరికన్నా వెనక వచ్చాడు.

గొర్రెలకు మేత వేస్తున్న ఈరయ్య చేతులు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. "రా అత్తా" అన్నాడు. ఆ ఇంట్లో నానీని ఎప్పుడూ అత్తా అనే పిలుస్తారు. నానీ జనం వైపు తిరిగి, దుపట్టా తనే వెనక్కి నెట్టుకుంది.

"సూడుండ్రి. మంచిగ సూడుండ్రి. గిది ఈ ఈరయ్య నాయినమ్మ మైసమ్మ పొడిసింది. గుంపు మా ఇంటి మీద పడి మా అబ్బాను సంపిన నాడు, నన్ను సంకనేసుకొని గీ ఇంట్లకు ఉరికింది. కుంకుమైతే చెమటకు పోతదని, సూదితోని, దీపం మసితోని పొడిసింది. పుండు మానేదాక అటక మీద దాసింది. ఎవడన్న అడిగితే నా బిడ్డ అన్నది. ఇగ ముందు ముచ్చట గూడ ఇనుండ్రి. దానికి కొన్ని నెలల ముందే మా సొంత చిన్నాయన రజాకార్లతోని వచ్చి మైసమ్మ మంద మొత్తం తోలుకపోయిండు. ఒక్క గొర్రెపిల్లను ఇడువలే. ఆని అన్న బిడ్డను నేను. తెలిసే ఎత్తుకున్నది."

ఈరయ్య మొహం మాడిపోయింది.

"గొర్రెలు తోలుకపోయింది మీవోళ్లా? మా నాయినమ్మ ఎవలు తోలుకపోయిండ్రో తెల్వదన్నది గద!"

"తెలుసు. మీ నాయనోళ్లు నా మీద పగ పడ్తరని, చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

ఆ ఒట్టు సంగతి నాకూ తెలియదు, మామూకూ తెలియదు. ఆ ఇంట్లో డెబ్బై ఆరేళ్లుగా నానీకి దొరికిన మర్యాదంతా ఆ ఒక్క మాటతో పోతుందేమోనని నేను నానీ పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"మరి గిప్పుడెందుకు చెప్పినవత్తా?" అడిగాడు ఈరయ్య.

"నేను రేపో మాపో పోత. నేను పోతే గా ముచ్చట గూడ పోతది. మావోడు చేసింది చెప్పకుంటే మీ నాయినమ్మ ఎంత పెద్ద మనిషో ఎవలికి తెలుస్తది రా? ఒట్టు తప్పిన. మళ్లయినా తప్పుత. దేవుని కాడ నేనే చెప్పుకుంట."

ఈరయ్య లోపలికి పోయాడు. "అయిపోయింది, పదండి" అన్నాడు మామూ మెల్లగా. నానీ కదల్లేదు.

ఈరయ్య ఒక కుర్చీ మోసుకుంటూ బయటికొచ్చాడు. దాన్ని గుమ్మం ముందు వేసి, నానీని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత జనం మీదుగా వెనక్కి చూసి కేకేశాడు.

"ఏం తమ్మీ, గా మైకు ఇటు తే! సందు మొత్తం ఇనాలె. మా అత్త మళ్ల మొదట్నించి చెప్తది."