చెయ్యెత్తితే ఆగే కారు

మా పాత అంబాసిడర్‌కి ఒక జబ్బుండేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగేది. నిజానికి ఆ జబ్బు కారుది కాదు, మా బాపుది.

తొంభైల్లో మా ఊరికున్న కారు అదొక్కటే. ముందు ముగ్గురు, వెనక ఐదుగురు, కాళ్ళ దగ్గర ఎవరిదో కోడిపుంజు. కిటికీ పక్కన చోటు నాకు ఒక్కనాడూ దొరకలేదు. ఒళ్ళు మండిపోయేది.

"కారు మనదే గద బాపూ, మనమెందుకు ఇరుక్కోవాలె?" అనేదాన్ని.

బాపు నవ్వేవాడు. ఆయన తల్లి, మా అవ్వ, నా నెత్తి మీద ఒక్కటేసేది. "జాగ ఉండంగ ఆపకపోతే అదేం బండే?"

రెండు వేలు దాటాక లాల్‌గడి మలక్‌పేట్ వైపు చేన్లన్నీ లేఅవుట్లయ్యాయి. బాపు ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. అంబాసిడర్ పోయి ఏసీ ఉన్న తెల్ల కారు వచ్చింది. అద్దాలకు నల్ల ఫిల్మ్, సీట్లకు షోరూంలో వేసిన ప్లాస్టిక్ కవర్లు. వాటిని బాపు చింపనిస్తే ఒట్టు. కదిలితే చాలు పరపరమనేవి. అయినా నేను ముందు సీట్లో, కిటికీ పక్కన, మహారాణిలా కూర్చునేదాన్ని.

కొన్న వారానికే, మేడ్చల్ దాటుతుంటే అవ్వ కనిపించింది. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు దగ్గరికెళ్ళి వస్తోంది. చేతిసంచితో రోడ్డు పక్కన నిలబడి, వచ్చే ప్రతి కారుకీ చెయ్యెత్తుతోంది. మాకూ ఎత్తింది. దూరం నుంచి ఆమెకి తెల్ల కార్లన్నీ ఒకటే. మా వెనక సీట్లో ప్లాటు చూడ్డానికొచ్చిన భార్యాభర్తలున్నారు. ఇంకొకరికి చోటుంది.

"బాపూ, అవ్వ" అన్నాను మెల్లగా.

"చూసిన. వీళ్ళను దించి జల్దీ వద్దాం" అన్నాడు ఇంకా మెల్లగా. కారు ఆగలేదు.

గట్టిగా అరవాల్సింది. అరవలేదు. వెనకున్నావిడ చీర చూసి, అవ్వ మాసిన చీర తలుచుకుని సిగ్గుపడ్డాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి అంతకంటే సిగ్గుగా ఉంది. ప్లాట్ల దగ్గర గంటసేపు నా కాలు ఒకచోట నిలవలేదు. హద్దురాళ్ళ మధ్య తిరిగాను, కారు చుట్టూ తిరిగాను, "పోదాం బాపూ" అని ప్రాణం తీశాను. మేం తిరిగి వెళ్ళేసరికి అక్కడ అవ్వ లేదు.

సాయంత్రం ఆటో దిగి గడప మీద కూలబడింది.

"ఎన్ని కార్లు పోయినయో, ఒక్కడు ఆపలే. వాళ్ళనేమంటం? నల్ల అద్దాలాయె. లోపలోళ్ళకు నేను కానరాలేదేమో" అంది.

బాపు నా వైపు చూశాడు. నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి లేచిపోయాను.

మర్నాడు బాపే "రా అవ్వా, కొత్త కార్లో తిప్పుకొస్త" అన్నాడు. అవ్వ చెప్పులు వాకిట్లోనే విడిచి ఎక్కింది. నా చోటు ఆమెకిచ్చి నేను వెనక కూర్చున్నాను. మేడ్చల్ రోడ్డెక్కాం. ముందురోజు ఆమె నిలబడ్డ చోటే ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడు. అవ్వ అద్దం దగ్గరికి ముఖం పెట్టి అతన్నే చూసింది.

"లోపల్నించి మంచిగనే కనబడుతున్నరు గద బిడ్డా" అంది.

బాపు బ్రేకు తొక్కాడు. ముసలాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత బాపు ఎవరు చెయ్యెత్తినా ఆపాడు. అవ్వ మాత్రం మళ్ళీ ఏ కారుకీ చెయ్యెత్తలేదు.