పోస్టులో వచ్చిన దుకాణం

“ఏమన్న వచ్చిందా?”

“ఇయ్యాల రాలే. రేపొస్తది తియ్.”

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. దవాఖానాలో, ముక్కుకు గొట్టం పెట్టుకొని కూడా మనిషి పోస్టు గురించే అడిగాడంటే ఆయన ఎట్లాంటివాడో మీకే అర్థమవుతుంది.

ఇవాళ పొద్దున ఆ మాట మళ్లీ చెవిలో పడినట్టయింది. నా బిడ్డ బిడ్డ, అంటే నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న మనవరాలు, ఫోనులో ఏదో నొక్కి, ఊరికే ఇచ్చే మొహం క్రీము నా పేరు మీద తెప్పించింది. వేలంత ట్యూబు. అది చేతిలో పడిందో లేదో, ఈ వయసులో నా గుండె మేకపిల్లలాగా గంతులు వేసింది.

మా ఆయన పాత బస్టాండు దగ్గర పాత కాగితాల దుకాణంలో తూకం పట్టేవాడు. ఇండ్లలోంచి వచ్చిన వారపత్రికలు కిరాణా పొట్లాలు కాకముందే తిరగేసి, ‘కార్డు రాయండి, ఉచితంగా పంపుతాం’ అని ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తెర పెట్టేవాడు. పాత పత్రికలు కదా, సగం వాటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉండేది, అయినా ఆయన పట్టించుకుంటే కదా! విత్తనాల పొట్లం, పండ్లు తోముకునే పొడి, చిన్న సబ్బు బిళ్ల, బొటనవేలంత నూనె సీసా, చాయ్‌పత్తా, ఏది ఇస్తామంటే అది అడగడమే. ఒకసారి బర్రెలకు పెట్టే బలం పొడి వచ్చింది, మాకు బర్రె మాట అటుంచి కోడిపిల్ల కూడా లేదు.

ఒక్కో పేరుకు ఒకటే ఇస్తారు కాబట్టి రెండో కార్డు నా పేరు మీద రాసేవాడు. పెండ్లయి అత్తింటికి వచ్చాక ఆడదాని పేరు ఏమైపోయేదో నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. మా అత్తకు నేను ‘ఓ పిల్లా’ను, గల్లీకి పెద్దోని పెండ్లాన్ని, మా ఆయనకు ‘ఇగో’ను. అట్లాంటిది పోస్టాయన గల్లీ మొదట్లో సైకిలు దిగి “సత్తమ్మా! పోస్ట్!” అని కేక పెడితే, చేతులకున్న పిండి కడుక్కోకుండానే ఉరికేదాన్ని. నాకు చదువు రాదు, సంతకం ఒక్కటి ఆ పొట్లాల కోసమే నేర్చుకున్నాను.

వచ్చినవి విప్పేవాళ్లం కాదు. వాసన చూసి, అరచేతిలో ఆడించి, ఇనప సందుగలో దాచేవాళ్లం, విప్పితే సంబురం అయిపోతుందని. అది చూసి మా అత్తకు ఒళ్లు మండేది. “పోస్టుల అడుక్కునుడు యాడన్న ఉంటదా? బొచ్చె గూడ పోస్టుల్నే తెప్పిచ్చుకోండ్రి!” అనేది.

ఇట్లా ఉండగా ఒక సబ్బుల కంపెనీ పెద్ద పెట్టెడు సరుకు ఊరికే పంపుతామన్నది, కానీ దుకాణం ఉన్నవాళ్లకే. మా ఆయన కాసేపు చెవి గోక్కొని, కార్డు మీద ‘సత్తమ్మ జనరల్ స్టోర్స్, మెదక్’ అని రాసేశాడు. దుకాణం ఎక్కడుంది అంటే, “కార్డు మీద ఉన్నది గద!” అని నవ్వాడు.

పెట్టె రాలేదు. దానికి బదులు కంపెనీ మనిషి వచ్చాడు. నర్సాపూర్ మీదుగా వచ్చే హైదరాబాద్ బస్సు దిగి, ఎదురుగా కనిపించిన కాగితాల దుకాణంలోకే పోయి, మా ఆయన్నే అడిగాడట, సత్తమ్మ జనరల్ స్టోర్స్ ఎక్కడ అని. ఆ మనిషికి చాయ్ చెప్పి కూర్చోబెట్టి, మా ఆయన సందులెంట ఉరికొచ్చి గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు.

“ఇగో, దుకాణం పెట్టు!”

“ఎప్పుడు?”

“ఇప్పుడే! కంపెనీ సార్ చాయ్ తాగుతుండు!”

ఆ మనిషి ఎగతాళి చేసి వెనక్కి పోయాడంటే, మా అత్త కార్డులన్నీ పొయ్యిలో పెట్టడం ఖాయం. ఇంక గల్లీలో నా పేరు కేకేసేవాడు ఉండడు. అదొక్కటే నా భయం. పక్కింటి ఖాలా “పరేషాన్ గాకు” అని తన తఖ్తా, అదే చెక్క బల్ల, ఎత్తుకొచ్చి మా అరుగు ముందు వేసి, దాని మీద పెండ్లినాటి ఎర్ర దుప్పటి పరిచింది. నేను సందుగ బోర్లించి, సీసాలు ఒక దిక్కు, పొట్లాలు ఒక దిక్కు, అక్షరాలున్న వైపు బయటికి కనబడేటట్టు ముచ్చటగా పేర్చాను.

కంపెనీ సార్ వచ్చాడు. ఒకటి తీసి చూశాడు, ఇంకోటి చూశాడు.

“‘ఉచిత నమూనా, అమ్మరాదు.’ అన్నిటి మీద ఇదే ఉందేందమ్మా?”

నేను ముందుకు తిప్పి పెట్టినవి సరిగ్గా ఆ అక్షరాలేనట!

“ముందుగాల రుచి సూపెట్టాలె గద సాబ్, తర్వాత అమ్ముడు!” అని ఖాలా అందుకుంది. ఆయన నమ్మలేదు, సంచి భుజానికి వేసుకోబోయాడు. అప్పుడు ఇంట్లోంచి మా అత్త కొంగు సర్దుకుంటూ వచ్చి, ఎవరో కొత్త గిరాకీ లాగా తఖ్తా ముందు నిలబడింది.

“సత్తమ్మా! మొన్న తీస్కపోయిన సబ్బే ఇంకోటియ్యి. మస్తు నురుగొస్తుంది.”

కొడుకు పరువు కోసమే అన్నదేమో, అననీ. ఆమె నోట నా పేరు వినడం అదే మొదలు. ఉన్నవాటిలో మంచి సబ్బు ఏరి ఆమె చేతిలో పెట్టాను. ఇంట్లోంచే వచ్చిన గిరాకీని చూసి కంపెనీ ఆయన కడుపు పట్టుకొని నవ్వి, సంచిలోని నిండు సబ్బులన్నీ తఖ్తా మీద కుమ్మరించి, “ఇవి అమ్ముండ్రి, ఇవి నమూనాలు గావు” అని పోయాడు. తర్వాత నా పేరుతో రేకు బోర్డు కూడా పోస్టులోనే వచ్చింది. తఖ్తా మీది దుకాణం అరుగెక్కి, అరుగు మీది నుంచి అర్రలోకి చేరి, మమ్మల్నందరినీ సాకింది. అయినా మా ఆయన రోజూ సందెకాడ ఇల్లు చేరగానే అడిగేది గల్లాపెట్టె గురించి కాదు, ‘ఏమన్న వచ్చిందా’ అనే.

ఈ కాలంలో ఏది అడిగినా తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది, ఎదురుచూపుకే తావు లేదు. పొద్దున వచ్చినతను మంచివాడే, కానీ నా పేరు పిలవలేదు. ఫోనుకొచ్చిన నంబరు చెప్పమన్నాడు, చెప్పగానే పొట్లం పెట్టి బండెక్కి పోయాడు. గల్లీలో ఎవరూ తలుపు తీసి చూడలేదు. అయితేనేం, ట్యూబును విప్పకుండా సందుగలో పెట్టి, ఆయన ఫొటో దిక్కు చూసి, వచ్చిందయ్యా, ఇవాళ వచ్చింది అని చెప్పాను.

ఇగ చాలు బిడ్డా, రాసింది మొదటికెల్లి ఒకసారి చదువు. నా పేరొచ్చిన కాడ జర గట్టిగ చదువు, గల్లీకి ఇనపడాలె.